కొంగల జట్టులో సూర్యకుమారి

సూర్యకుమారి ఫోన్లో మాట్లాడితే తణుకు దాకా తీగ అక్కర్లేదని మొగుడు చక్రధర్ అనేవాడు. సింగపూరు వచ్చిన కొత్తలో ఆదివారం పొద్దున్నే ఆమె పుట్టింటికి ఫోను చేసి "అమ్మా, బాగున్నావా?" అనగానే వాళ్లుండే హౌగాంగ్ పేటలో ఆ తొమ్మిదో అంతస్తు వరండాలో రెండు మూడు తలుపులు తెరుచుకునేవి. ఎవరికేమైందోనని పక్కవాళ్లు తొంగిచూసేవారు. ఈవిడ రిసీవరు చెవికి ఆనించుకునే, వాళ్లకేసి నవ్వుతూ చెయ్యి ఊపేది.

ఆ గొంతు తండ్రిది. పరంధామయ్య తణుకులో మైకు రిక్షా మీద తిరిగి ప్రచారం చేసేవాడు. కొత్త సినిమా వచ్చినా, చీరల కొట్టువాళ్లు తగ్గింపు పెట్టినా, రెండు రోజులు కుళాయి రాదని మునిసిపాలిటీ వాళ్లు చెప్పించాలన్నా ఆయనే. సెలవుల్లో సూర్యకుమారి ఆయన పక్కన ఎక్కి కూర్చునేది. నాన్న అలిసిపోతే తను అందుకునేది. పదేళ్ల పిల్ల మాట సంతలో చివరి గంప దాకా వినిపిస్తుంటే జనం బేరాలు ఆపి చూసేవాళ్లు. పెళ్లయిన కొన్నాళ్లకి ఆయన పోయాడు. రిక్షా ఎవరో కొనుక్కుపోయారు. గొంతు మాత్రం ఈవిడ దగ్గర ఉండిపోయింది, ఏం చేసుకోవాలో తెలియకుండా.

ఎందుకంటే కాపరానికి వచ్చినచోటల్లా ఆ గొంతుకి చోటు లేదు. అత్తగారింట్లో "కాస్త మెల్లగా" అన్నారు. హైదరాబాదు అద్దె వాటాలో ఇంటివాళ్లు అన్నారు. 1998లో చక్రధర్‌కి సింగపూరు బ్యాంకులో పని దొరికి నాలుగేళ్ల వర్షితతో ఇక్కడికి వస్తే, ఇక్కడ చక్రధరే అనడం మొదలెట్టాడు.

"మెల్లగా సూర్యా. గోడలు పల్చన."

అతనిదీ తప్పు కాదు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తలకిందులవుతాయని లోకమంతా హడలిపోతున్న రోజుల్లో వచ్చాడు. ఆ గండం గడిచాక ఇంటికి పంపేస్తారనుకుంటే, ఒక పని తరవాత ఒక పని తగిలి ఉండిపోయాడు. 2008 నాటికి అతని కింద ముప్ఫై మంది. కంపెనీలు మనుషుల్ని వెతికి వెతికి విమానాలెక్కించి తెచ్చుకుంటున్న కాలం అది. హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ కొత్తగా దిగిన కుర్రాళ్లకి మొదటి శనివారం భోజనం చక్రధర్ ఇంట్లోనే. సూర్యకుమారి గోంగూర పచ్చడీ పులిహోరా చేసి పెట్టేది. "ఆంటీ, సూపర్" అని తిని, లాప్‌టాపులు తెరుచుకుని చక్రధర్‌తో పనిలో పడిపోయేవాళ్లు. పదేళ్లలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు మొగుడు కాక ఇంకెవరూ లేరు. కుర్రాళ్లకి ఆంటీ, తెలుగువాళ్ల పండగల్లో చక్రధర్ గారి మిసెస్, క్లినిక్కులో మిసెస్ చక్రధర్.

వర్షితకి పద్నాలుగేళ్లొచ్చాయి. బళ్లో బాస్కెట్‌బాల్ జట్టులో చేరింది. ఆడేది తక్కువ, బల్ల మీద కూర్చునేది ఎక్కువ. అయినా సూర్యకుమారికి అదే గొప్ప. ఒకరోజు పక్క బడితో మ్యాచ్ అంటే స్టీలు డబ్బాలో నిమ్మకాయ పులిహోర కట్టుకుని వెళ్లింది. ఆట ఇంకో నాలుగు నిమిషాలుందనగా కోచ్ వర్షితని లోపలికి పంపాడు. బంతి చేతిలోకి వచ్చింది.

"వెయ్యమ్మా! వర్షీ, వెయ్యి!"

హాలు చిన్నది. ఆ కేక నాలుగు గోడలకీ కొట్టుకుని తిరిగొచ్చింది. అందరూ ఇటు చూశారు. రిఫరీ కూడా విజిలు నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం చూశాడు. బంతి వర్షిత చేతుల్లోంచి జారి బయటికి దొర్లిపోయింది.

బస్సులో పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దిగాక అంది:

"మా, ప్లీజ్. నెక్స్ట్ టైమ్ డోంట్ కమ్. అందరూ లాఫ్ చేస్తున్నారు."

"సరే" అంది సూర్యకుమారి. నెమ్మదిగానే అంది.

ఆ తరవాత ఆమె వెళ్లలేదు. ఇంట్లో కూడా మాట తగ్గించింది. ఎదురు వాటాలో ఉండే మేడమ్ క్వెక్ మూడు రోజులు చూసి, నాలుగో రోజు తలుపు తట్టింది. ఆవిడ అరవై ఎనిమిదేళ్ల చైనీసావిడ, మొగుడు పోయి ఒంటరిగా ఉంటుంది. ఆవిడ ఇంగ్లిషూ ఈవిడ ఇంగ్లిషూ కలిసి ఇద్దరికే అర్థమయ్యే మూడో భాష ఒకటి తయారైంది, పదేళ్లుగా అందులోనే స్నేహం.

"ఒంట్లో బాలేదా? చప్పుడే లేదు. నాకు నిద్ర పట్టట్లేదు" అంది మేడమ్ క్వెక్.

సూర్యకుమారి జరిగింది చెప్పింది. మేడమ్ క్వెక్ అంతా విని లోపలికి వెళ్లి ఒక బూడిదరంగు తువ్వాలు తెచ్చి చూపించింది. దాని మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మ.

"శనివారం నాతో రా. అక్కడ అరవకపోతేనే తప్పు."

ఆ కొంగ మెరీనా హెరాన్స్ అనే జట్టు గుర్తు. జీతాలిచ్చి ఆటగాళ్లని పెట్టుకున్న ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టది, ఊళ్లోకి వచ్చి రెండేళ్లయింది. కల్లాంగ్ దగ్గర ఒక ఇండోర్ హాల్లో వాళ్ల మ్యాచ్‌లు జరిగేవి. హాల్లో సగం కుర్చీలు ఖాళీగానే ఉండేవి, ఎందుకంటే హెరాన్స్ తరచూ ఓడిపోయేవారు. మేడమ్ క్వెక్ ఒక్క మ్యాచ్ వదిలేది కాదు. మొగుడు బతికుండగా ఇద్దరూ ఏదో క్లబ్బు ఆటలకి వెళ్లేవారట, అది అలవాటైపోయింది.

మొదటి శనివారం సూర్యకుమారి చేతులు ఒళ్లో పెట్టుకుని బిగదీసుకుని కూర్చుంది. మేడమ్ క్వెక్ తువ్వాలు గిరగిరా తిప్పుతూ ఆట చెప్పుకుపోతోంది. బంతి అందిన ఇరవై నాలుగు సెకన్లలో విసరాలి. బంతి పట్టుకుని నడవకూడదు. గీత బయటినుంచి వేస్తే మూడు పాయింట్లు. సూర్యకుమారికి అవన్నీ ఒక చెవిలోంచి వచ్చి రెండో చెవిలోంచి పోతున్నాయి. ఆమె కళ్లు ఏడో నంబరు కుర్రాడి మీద పడ్డాయి. పేరు డెస్మండ్ ఫూ. మిగతావాళ్లంతా తాడిచెట్లలా ఉంటే ఇతను అయిదున్నర అడుగుల మనిషి. బంతి తీసుకుని ఆ పొడుగువాళ్ల మధ్యలోకి దూరతాడు. పడతాడు. లేస్తాడు. మళ్లీ దూరతాడు. మూడోసారి పడ్డప్పుడు మోకాలు గీసుకుపోయింది. నాలుగోసారి లేవడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది.

"లే నాయనా! లే!"

ఎప్పుడు లేచి నిలబడిందో తెలియదు. ఆ కేక పై వరస దాకా వెళ్లింది. ముందు వరసలో వాళ్లు వెనక్కి తిరిగారు. సూర్యకుమారి గబుక్కున కూర్చోబోయింది. కానీ వాళ్లు నవ్వుతూ చప్పట్లు కొడుతున్నారు. ఒక మలయ్ పెద్దాయన బొటనవేలు పైకెత్తి చూపించాడు. కింద ఏడో నంబరు కుర్రాడు లేచి, ఆ కేక వచ్చిన దిక్కుకి చూశాడు.

ఆ రోజు హెరాన్స్ పదిహేను పాయింట్ల తేడాతో ఓడిపోయారు. సూర్యకుమారి ఇంటికి వచ్చి, పదేళ్లలో మొదటిసారి ఆకలేస్తోందని రెండుసార్లు వడ్డించుకుంది.

అలా మొదలైంది. శనివారం కుర్రాళ్ల భోజనాలు ఆదివారానికి మారిపోయాయి. "మన కొంగల ఆట ఉందండీ" అని చక్రధర్‌కి చెప్పేసింది. అతనికి ఏ కొంగలో అర్థం కాలేదు, అడిగే తీరికా లేదు. వర్షిత మాత్రం ఒకసారి వచ్చింది. తల్లికి ఆరు వరసల అవతల, స్నేహితురాళ్లతో, ఎవరో తెలియనట్టు కూర్చుంది.

నాలుగో మ్యాచ్‌లోనో అయిదో మ్యాచ్‌లోనో సూర్యకుమారికి ఒక మాట దొరికింది. ఊరికే లే లే అంటుంటే ఎవరూ అందుకోవడం లేదు. సంతలో నాన్న ఒక మాట విసిరి ఆగేవాడు, పిల్లలు రెండో మాట అందుకునేవారు. అది గుర్తొచ్చి "కొంగా!" అని అరిచి, పక్కనున్న మేడమ్ క్వెక్ భుజం తట్టి, "ఎగురు అనండి" అంది.

"కొంగా!"

"ఎగురూ!" అంది మేడమ్ క్వెక్.

మూడో కేకకి మలయ్ పెద్దాయన కలిశాడు. నాలుగో కేకకి ఆ వరస కలిసింది. హాల్లో మైకు పట్టుకుని వ్యాఖ్యానం చెప్పే ఫైజల్ అనే కుర్రాడు అది విని, కాంగా అనే వరస నాట్యం పేరనుకున్నాడు. విరామంలో జనాన్ని ఒకరి నడుం ఒకరు పట్టుకుని రైలుబండిలా నడవమన్నాడు. సూర్యకుమారి మెట్లు దిగి వెళ్లి అతన్ని ఆపింది. "నాట్యం కాదు బాబూ. హెరాన్‌ని మా భాషలో కొంగ అంటారు. ఎగరమని చెబుతున్నాం, అంతే." ఫైజల్ నోరెళ్లబెట్టి, ఆ తరవాత పడీపడీ నవ్వాడు. మరుసటి మ్యాచ్ నుంచి అతనే మైకులో జనానికి నేర్పాడు. సీజను సగానికి వచ్చేసరికి ఆ హాల్లో చైనీసు తాతలూ మలయ్ పిల్లలూ ఫిలిప్పీన్స్ నర్సులూ "ఎగురు" అంటున్నారు. అందులో తెలుగు తెలిసింది ఒక్కరికే.

ఒక శనివారం మేడమ్ క్వెక్ ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఈ సీజన్ అభిమాని పోటీ. పేరు రాయాలి, జట్టంటే ఎందుకిష్టమో వంద మాటల్లో రాయాలి. నలుగుర్ని ఎంచి, ఆట విరామంలో అందరి ముందూ పోటీ పెడతారు. గెలిచినవాళ్లకి పేరు అచ్చువేసిన చొక్కా, చివరి మ్యాచ్‌లో ఆటగాళ్లతో పాటు బల్ల మీద చోటు.

సూర్యకుమారి ఆ రాత తెలుగులో రాసింది. రెండు రోజులు కొట్టేసి, దిద్ది, తెల్ల కాగితం మీద మళ్లీ రాసి వర్షిత ముందు పెట్టింది.

"ఇంగ్లిషులో రాసిపెడతావా?"

"ఐ కాంట్ రీడ్ తెలుగు సో ఫాస్ట్, మా. యూ రీడ్, ఐ టైప్."

వర్షిత కంప్యూటర్ ముందు కూర్చుంది. సూర్యకుమారి వెనక నిలబడి చదివింది.

"మీ జట్టు ఎక్కువ సార్లు గెలవదు. అందుకే నాకు ఇష్టం. గెలిచేవాళ్ల కోసం అరవడానికి చాలామంది ఉంటారు. ఏడో నంబరు అబ్బాయి పడ్డ ప్రతిసారీ లేచి మళ్లీ అక్కడికే వెళతాడు. ఎవరో ఒకరు గట్టిగా పిలుస్తుంటే లేవడం కొంచెం తేలిక. మా అమ్మాయి కూడా ఆడుతుంది. దాని ఆటకి వెళ్లి అరిస్తే దానికి సిగ్గు. అందుకని దాని కోసం అరవాల్సినవన్నీ మీ దగ్గరకొచ్చి అరుస్తున్నాను."

కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. సూర్యకుమారి కాగితం మీంచి తలెత్తింది. పిల్ల వీపు మాత్రమే కనబడుతోంది.

"ఏవైంది? తప్పా? తీసేద్దామా?"

"నో" అంది వర్షిత. ముక్కు ఎగబీల్చి, మళ్లీ టైపు చేసింది. ఒక్క మాట కూడా తీసెయ్యలేదు. పేరు దగ్గరకొచ్చి "మిసెస్ చక్రధర్, రైట్?" అంది.

"కాదు. సూర్యకుమారి అని రాయి."

నలుగురిలో ఆమె పేరు వచ్చింది. పోటీ శనివారం. బుధవారం మధ్యాహ్నం చేపలూ కూరలూ అమ్మే వెట్ మార్కెట్ నుంచి వస్తూ వానలో తడిసింది. గురువారం జ్వరం. శుక్రవారం జ్వరం తగ్గింది, గొంతు పోయింది. నోరు తెరిస్తే రంపంతో కోసినట్టు గరగర. మిరియాల కషాయం తాగింది. మేడమ్ క్వెక్ నల్లటి మూలికల పాకం ఒక సీసా తెచ్చి గంటకోసారి చెంచాతో పోసింది. శనివారం మధ్యాహ్నానికి పక్క గదికి వినిపించేటంత మాట వచ్చింది, అంతే.

"డోంట్ గో, మా. నేను కాల్ చేసి చెప్తా" అంది వర్షిత.

"పేరిచ్చి రాకపోతే ఎలా? గొంతు లేకపోతే ఏం, కాళ్లున్నాయిగా. వెళ్లి నిలబడతాను" అంది సూర్యకుమారి గుసగుసగా. చక్రధర్ ఆ రోజు ఆఫీసులోనే. ఏదో కొత్త సిస్టం మొదలెడుతున్నారు.

విరామంలో నలుగుర్నీ మైదానం మధ్యకి పిలిచారు. చుట్టూ రెండువేల మంది. ఒకతను బ్యాంకు ఉద్యోగి, జట్టు లెక్కలన్నీ నోటికి వచ్చినవాడు. ఒక కాలేజీ పిల్లాడు మొహమంతా బూడిదరంగు పూసుకుని డప్పు తగిలించుకున్నాడు. మూడో ఆవిడ స్కూలు టీచరు. నాలుగో మనిషి చుడీదార్ మీద జట్టు చొక్కా వేసుకున్న సూర్యకుమారి. నిర్ణేతలుగా పాత ఆటగాళ్లు ఇద్దరూ, వాళ్లతో పాటు మోకాలి దెబ్బకి ఆ రోజు ఆడని డెస్మండ్ ఫూ కూర్చున్నారు.

మొదట ప్రశ్నలు. బ్యాంకు ఆయన అయిదుకి అయిదూ చెప్పాడు. సూర్యకుమారికి మూడు వచ్చాయి. తరవాత రెండేసి బంతులు బుట్టలో వెయ్యాలి. ఆమె రెండు చేతులతో కిందినుంచి, బకెట్ నీళ్లు విసిరినట్టు విసిరింది. మొదటిది బోర్డుకీ తగల్లేదు. రెండోది ఇనుప చక్రం మీద ఒక చుట్టు తిరిగి బయట పడింది. జనం "అయ్యో" అన్నట్టు మూలిగారు. టీచరు రెండూ వేసింది. సూర్యకుమారి అందరికంటే వెనకపడింది.

"ఇప్పుడు ఆఖరిది. సగం మార్కులు దీనికే" అన్నాడు ఫైజల్ మైకులో. "ఒక్కొక్కరికి ఒక్క నిమిషం. ఈ హాలుని లేపాలి."

డప్పు పిల్లాడు బాగా లేపాడు. బ్యాంకు ఆయన తువ్వాళ్లు ఊపించాడు. టీచరు చప్పట్లతో వరసలు కట్టించింది. చివరికి ఫైజల్ సూర్యకుమారి చేతికి మైకిచ్చాడు.

ఆమె ఊపిరి తీసుకుంది. "కొంగా!" అంది.

మైకులోంచి వచ్చింది మాట కాదు. గుడ్డ చిరిగిన శబ్దం లాంటిది. ముందు వరసలవాళ్లకి అర్థమై "ఎగురు" అన్నారు. పై వరసలు ఏం జరిగిందో తెలియక చూస్తున్నాయి. రెండోసారి నోరు తెరిచింది. ఈసారి అదీ రాలేదు. గడియారంలో నలభై ఎనిమిది, నలభై ఏడు. చెయ్యెత్తి సైగ చేద్దామా అనుకుంది. సైగ ఎంత దూరం కనబడుతుంది?

అప్పుడు అవతలి వైపు నుంచి ఒక కేక వచ్చింది.

"కొంగా!"

సూర్యకుమారి ఉలిక్కిపడింది. అది తన గొంతే. అదే బరువు, చివర్న అదే విసురు. తను నోరు మూసుకునే ఉంది. తలెత్తి చూస్తే స్నేహితురాళ్ల మధ్య కుర్చీ ఎక్కి నిలబడి ఉంది వర్షిత. మెడ నరాలు కనబడుతున్నాయి. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది.

"కొంగా!"

"ఎగురు!" అంది ఆ పక్కనంతా.

తల్లి మైదానం మధ్యలో చెయ్యి పైకి విసిరింది, కూతురు పైనుంచి కేక విసిరింది. తల్లి చెయ్యి ఎటు తిరిగితే ఆ వైపు జనం లేచారు. చివరి పది సెకన్లలో హాల్లో కూర్చున్నవాళ్లు లేరు. కాళ్ల కింద చెక్క నేల అదిరింది. మేడమ్ క్వెక్ తువ్వాలు ఎక్కడో జారవిడిచి, రెండు చేతులూ రెక్కల్లా ఊపుతోంది. అవతలి జట్టు ఆటగాళ్లు కూడా గది తలుపు దగ్గరికొచ్చి చూశారు.

నిమిషం అయిపోయింది. ఫైజల్ అడిగాడు: "ఆ పైనున్న అమ్మాయి ఎవరు?"

సూర్యకుమారి మైకు దగ్గరగా పెట్టుకుని, ఉన్న కాస్త మాటతో చెప్పింది: "మా అమ్మాయి. వర్షిత."

నిర్ణేతలు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. వేరేవాళ్ల సాయం తీసుకోవచ్చా అని పాత ఆటగాడొకడు సందేహపడ్డాడు. డెస్మండ్ ఫూ కర్ర పట్టుకుని లేచాడు. "హాలుని లేపమన్నాం. ఒంటరిగా లేపమని చెప్పలేదు కదా. అయినా ఈ మాట నేర్పిందెవరు?" అన్నాడు. బ్యాంకు ఆయనే ముందుగా వచ్చి సూర్యకుమారికి చెయ్యి కలిపాడు. "నేను కూడా లేచాను. కూర్చోలేకపోయాను" అన్నాడు. మార్కులు కలిపితే సూర్యకుమారికే అందరికంటే రెండు ఎక్కువ వచ్చాయి.

వర్షిత మెట్లన్నీ పరిగెత్తుకుంటూ దిగి వచ్చింది. అందరి ముందూ తల్లిని వాటేసుకుంది. స్నేహితురాళ్లు చూస్తున్నారు. చూడనీ అన్నట్టుంది ఆ పిల్ల.

"సారీ, మా. ఐ షౌటెడ్ సో లౌడ్" అంది నవ్వుతూ ఏడుస్తూ.

"ఎక్కడ దాచావే ఇన్నాళ్లూ?" అంది సూర్యకుమారి.

సోమవారం జట్టు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. చొక్కా మీద ఏం వెయ్యాలని. పేరు పెద్దది, 'సూర్యా' అని వేస్తే సరిపోతుందా అని ఆ అమ్మాయి మర్యాదగా అడిగింది. సూర్యకుమారికి గొంతు వచ్చేసింది అప్పటికి.

"సరిపోదమ్మా. మొత్తం వెయ్యండి. పట్టకపోతే అక్షరాలు చిన్నవి చెయ్యండి."

పదకొండు ఇంగ్లిషు అక్షరాలు. ఒక భుజం నుంచి రెండో భుజం దాకా వంపు తిరిగి పట్టాయి. చివరి మ్యాచ్ ముందు ఫైజల్ ఆమెను పక్కకి పిలిచి ఎలా పలకాలో నేర్పమన్నాడు. "సుర్యా కుమ్మరి" అన్నాడు. కాదంది. నాలుగోసారికి సరిగ్గా వచ్చింది. చేతిలో ఉన్న చీటీ మీద తనకి తెలిసిన మలయ్ స్పెల్లింగులో రాసుకున్నాడు.

ఆ సాయంత్రం హాల్లో దీపాలార్పి ఆటగాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలిచారు. ఒక్కొక్కరు వెలుతురు వలయంలోకి పరిగెత్తుకొచ్చారు. పన్నెండు మంది అయ్యాక ఫైజల్ ఒక్క క్షణం ఆగాడు.

"ఇంకొక్కరున్నారు. హౌగాంగ్ నుంచి... సూర్య... కుమారి!"

ఒక్క అక్షరం పోలేదు. సూర్యకుమారి పరిగెత్తలేదు. నడిచింది. ఇటూ అటూ నిలబడ్డ పొడుగు ఆటగాళ్లు చేతులు కిందికి దించి, ఆమెకి అందేలా పట్టుకున్నారు. ఒక్కొక్క చేతినీ చరుచుకుంటూ నడుస్తుంటే ఆమెకి నవ్వు ఆగలేదు. బల్ల మీద డెస్మండ్ ఫూ పక్కన చోటిచ్చారు.

"మీరు మొదటిసారి అరిచినప్పుడు ఏమన్నారు? నాకప్పుడు అర్థం కాలేదు" అన్నాడు అతను.

"లే నాయనా అన్నాను. లేవమని."

"లేచాను కదా" అన్నాడు.

చక్రధర్ ఆ రోజు వచ్చాడు. ఆఫీసు నుంచి తిన్నగా, మెళ్లో గుర్తింపు కార్డుతో, తప్పు గేటు దగ్గర ఇరవై నిమిషాలు తిరిగి. తను లోపలికి అడుగుపెట్టేసరికి హాలంతా తెలుగులో అరుస్తోందట. ఏదో పొరపాటున వేరేచోటికి వచ్చాననుకున్నాడు. పక్క కుర్చీలో ఒక చైనీసు పిల్లాడు "అంకుల్, ఎగురు అంటే ఏంటో తెలుసా?" అని అడిగాడు. తెలుసని చెప్పి, "ఆ చొక్కా మీద పేరున్నావిడ మా ఆవిడ" అన్నాడట. పిల్లాడు నమ్మలేదు. మేడమ్ క్వెక్ వచ్చి సాక్ష్యం చెప్పాల్సొచ్చింది.

హెరాన్స్ ఆ మ్యాచ్ కూడా నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. ఒక్కరు కూడా ముందుగా లేచి వెళ్లలేదు. వచ్చే సీజను నుంచి మ్యాచ్ ఉన్నరోజు వచ్చి జనాన్ని నడిపించే పని చేస్తారా, జీతమిస్తాం అని జట్టు మేనేజరు అడిగాడు. సూర్యకుమారి ఆలోచించుకుని చెబుతానంది, కానీ అప్పటికే మనసులో చెప్పేసింది. పక్క బడితో వచ్చే గురువారం మ్యాచ్ ఉందని, రావాలని వర్షిత రెండుసార్లు గుర్తుచేసింది.

హౌగాంగ్ బస్సులో మేడమ్ క్వెక్, వర్షిత ముందు సీట్లో కూర్చున్నారు. వెనక సీట్లో మొగుడూ పెళ్లామూ. చక్రధర్ ఫోను రెండుసార్లు మోగింది. మూడోసారి మోగితే తీసి ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. కాసేపు ఆమె వీపు మీది అక్షరాలు చదువుతున్నట్టు వెనక్కి వాలి చూశాడు.

"సూర్యకుమారీ" అన్నాడు. అలా మొత్తం పిలవడం పెళ్లినాటి తరవాత అదే మొదటిసారి.

"ఊఁ?"

"ఆఖర్లో రిఫరీ విజిలు వేసి బంతి వాళ్లకిచ్చేశాడు కదా. ఎందుకిచ్చాడు? నాకర్థం కాలేదు."

సూర్యకుమారి సీట్లో పక్కకి తిరిగి కూర్చుంది. చేతి సంచీ ఒళ్లోంచి కింద పెట్టింది.

"చెబుతాను వినండి. బంతి చేతిలోకి వచ్చాక ఇరవై నాలుగు సెకన్లుంటాయి..."